వాక్యూమ్ లీకైతే ఫ్రంట్ హబ్ లాకవుతుందా, విడిపోతుందా?

ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌లో నాబ్ ఫోర్ హైకి, అంటే నాలుగు చక్రాలూ లాగే స్థానానికి తిప్పారు. డాష్‌బోర్డులో లైటు వెలిగింది. అయినా బురదలో వెనక చక్రాలే తిరుగుతున్నాయి, ముందు చక్రాలు కదలడం లేదు. ఇంకో బండిలో కథ వేరు. ఫోర్‌వీల్ జోలికే పోలేదు, టూ హైలో, అంటే వెనక చక్రాలే లాగే స్థానంలో, మామూలుగా నడుపుతున్నా ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం దగ్గర గరగరమని ఇనుము ఒరుసుకున్న చప్పుడు. చూడ్డానికి ఈ రెండూ ఎదురెదురు జబ్బులు. కానీ రెండింటికీ మూలం పెన్సిలంత లావు రబ్బరు పైపులో వచ్చిన ఒకే రకం పగులు కావచ్చు.

ముందు యాక్సిల్‌ని కలపడానికీ విడదీయడానికీ చాలా కంపెనీలు ఇంజిన్ వాక్యూమ్‌నే, అంటే ఇంజిన్ గాలి లాగేటప్పుడు పుట్టే పీల్పునే, వాడాయి. కాకపోతే ఒక బండిలో వాక్యూమ్ హబ్‌ని (చక్రం బిగించే నడిమి భాగాన్ని) లాక్ చేస్తుంది, అంటే యాక్సిల్ షాఫ్ట్‌తో కలుపుతుంది, ఇంకో బండిలో అదే వాక్యూమ్ హబ్‌ని విడదీస్తుంది. మీ బండి ఈ రెండింటిలో ఏదో ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా పార్టులు మార్చడం మొదలుపెడితే, బాగున్నవి తీసి కొత్తవి పెట్టుకుంటూ పోవడమే అవుతుంది.

శక్తి ముందు చక్రం దాకా ఎలా వస్తుంది

గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది. ఫోర్ హై వేయగానే అది ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని వెనక షాఫ్ట్‌తో కలుపుతుంది. అక్కడి నుంచి ఫ్రంట్ డిఫరెన్షియల్, దాని నుంచి రెండు పక్కలా యాక్సిల్ షాఫ్టులు, చివర హబ్బులు. అంటే కలవాల్సిన చోట్లు రెండు: ఒకటి ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల, రెండోది హబ్ దగ్గరో యాక్సిల్ ట్యూబు మధ్యలోనో. ఈ రెండో కలయిక ఎందుకంటే, టూవీల్‌లో పోతున్నప్పుడు ముందు షాఫ్టులు, డిఫరెన్షియల్ ఊరికే తిరగకుండా ఉండడానికి. డీజిలో పెట్రోలో కొంత మిగులుతుంది, అరుగుదల తగ్గుతుంది.

సాధారణంగా ఫ్రంట్ డిఫరెన్షియల్‌కి లాకు ఉండదు. లాకు లేని డిఫరెన్షియల్ రెండు పక్కలకీ ఒకే టార్క్ ఇస్తుంది, దాన్ని మించి ఇవ్వలేదు. ఒక పక్క షాఫ్ట్ హబ్‌తో కలవకుండా ఊరికే తిరుగుతుంటే ఆ పక్క అడ్డమే లేదు కాబట్టి టార్క్ దాదాపు సున్నా. అప్పుడు రెండో పక్కకి వచ్చేదీ సున్నాయే. అందుకే ఒక్క హబ్ లాక్ కాకపోయినా ముందు రెండు చక్రాలూ పనిచేయవు. "ఒక పక్క హబ్ బాగానే ఉంది కదా, సగమైనా లాగాలి" అనుకుంటే తప్పు.

ఎవరి పద్ధతి ఏమిటి

ఫోర్డ్ ఎఫ్-150లో 2004 మోడల్ నుంచి హబ్ దగ్గర, నకిల్ (చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) లోపల ఒక వాక్యూమ్ యాక్చుయేటర్ (వాక్యూమ్‌తో కదిలి పళ్లని కలిపే, విడదీసే భాగం) ఉంటుంది. అమెరికా మెకానిక్‌లు దీన్ని ఐడబ్ల్యూఈ అంటారు. దాని లోపల లోపలి పళ్లున్న ఒక రింగు ఉంటుంది, దాన్ని స్ప్రింగు నెట్టి హబ్ పళ్లనీ సీవీ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వచ్చే యాక్సిల్ షాఫ్ట్) పళ్లనీ కలిపి ఉంచుతుంది. టూ హైలో ఇంజిన్ వాక్యూమ్ ఆ రింగుని స్ప్రింగుకి ఎదురు లాగి విడదీస్తుంది. ఫోర్ హై వేస్తే సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) వాక్యూమ్‌ని బయటికి వదిలేస్తుంది, స్ప్రింగు రింగుని మళ్లీ కలుపుతుంది. అంటే ఇక్కడ వాక్యూమ్ లేకపోతే హబ్ లాక్ అయినట్టే.

కాబట్టి ఎఫ్-150లో వాక్యూమ్ లీకైతే ఫోర్‌వీల్ పోదు, టూవీల్‌లో గరగర వస్తుంది. వాక్యూమ్ పూర్తిగా పోతే రింగు పూర్తిగా కూర్చుంటుంది, చప్పుడు రాదు. ప్రమాదం అరకొర వాక్యూమ్‌తోనే. రింగు సగం వెనక్కి, సగం ముందుకి ఆగిపోయి పళ్ల కొసలు ఒకదాన్నొకటి తింటాయి. యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు మేనిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) వాక్యూమ్ పడిపోతుంది కనుక చప్పుడు కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది, కాలు తీయగానే ఆగుతుంది. వెంటనే ఫోర్ హైకి తిప్పినప్పుడు చప్పుడు మాయమైతే మిగతా అనుమానాలు పక్కన పెట్టి హబ్ యాక్చుయేటర్, దాని పైపుల మీద దృష్టి పెట్టవచ్చు. బేరింగ్ పోతే వచ్చే హోరు నాబ్ తిప్పినందుకు ఆగదు.

ఫోర్డ్ సూపర్‌డ్యూటీలో, అంటే ఎఫ్-250, ఎఫ్-350 నాబ్ రకం బండ్లలో పద్ధతి మారిపోతుంది. అక్కడ హబ్‌కి కొన్ని సెకన్ల పాటు బలమైన వాక్యూమ్ ఇస్తే లాక్ అవుతుంది, బలహీనమైన వాక్యూమ్ ఇస్తే విడిపోతుంది. తర్వాత వాక్యూమ్ అక్కర్లేదు, పెట్టిన స్థితిలోనే నిలుస్తుంది. ఇక్కడ లీకుంటే బలమైన వాక్యూమ్ అందదు కాబట్టి ఫోర్‌వీలే రాదు.

డాడ్జ్ రామ్ 1994 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్‌వీల్ ట్రక్కుల్లో విడదీసే చోటు హబ్ కాదు. యాక్సిల్ ట్యూబులో పొడవైన వైపు షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉంటుంది. వాక్యూమ్ మోటారుతో కదిలే ఫోర్కు ఒక కాలర్‌ని జరిపి ఆ రెండు ముక్కల్ని కలుపుతుంది. మోటారుకి రెండు పైపులు: ఒక దాంట్లో వాక్యూమ్ వస్తే కలుస్తుంది, రెండో దాంట్లో వస్తే విడిపోతుంది. లీకుంటే కాలర్ ఉన్నచోటే ఉండిపోతుంది.

షెవర్లే 1988 తరం కె1500లో వాక్యూమ్ లేదు. కరెంటు హీటర్ వేడికి లోపలి పదార్థం వ్యాకోచించి పిన్నుని నెడుతుంది. చలిలో అరనిమిషం దాకా పట్టవచ్చు. ఓపిక పట్టకపోతే బాగున్న యాక్చుయేటర్ కూడా పాడైనట్టే కనిపిస్తుంది. నిజంగా పాడైతే అదే రకం కొనే బదులు తర్వాత వచ్చిన మోటారు రకానికి మార్చే కిట్టు పెట్టడమే మేలు.

లైటుని ఎంతవరకు నమ్మాలి

రామ్‌లో ఫోర్‌వీల్ లైటుకి స్విచ్చు ఆ కాలర్ ఉన్న గూడు మీదే ఉంటుంది. లివర్ ఫోర్ హైలో ఉన్నా లైటు వెలగలేదంటే కాలర్ జరగలేదు, లేదా స్విచ్చు చెడింది. ఎఫ్-150 హబ్బులకి అలాంటి స్విచ్చు లేదు. అక్కడ లైటు ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతే చెబుతుంది, హబ్ పళ్లు కలిశాయో లేదో దానికి తెలియదు. ఎఫ్-150లో లైటు వెలిగి ముందు చక్రాలు లాగకపోతే ఆశ్చర్యపోవాల్సింది లేదు. నాబ్ తిప్పినా లైటే రాకపోతే మాత్రం హబ్బుల్ని వదిలేసి ట్రాన్స్‌ఫర్ కేస్ షిఫ్ట్ మోటారు, దాని కనెక్టరు, ఫ్యూజులు చూడాలి. మామూలు ఓబీడీ స్కానర్ ఇంజిన్ కోడ్లే చూపిస్తుంది. ఫోర్డ్ బండ్లలో ఫోర్‌వీల్ కోడ్లు చదవడానికి ఫోర్‌స్కాన్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాలి.

జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పే పరీక్ష

ఖర్చు లేని పరీక్ష ఇదే, అన్నిటికన్నా ఎక్కువ చెప్పేదీ ఇదే. ఫోర్ హై వేసి గుల్ల నేల మీద కొన్ని మీటర్లు తిన్నగా నడపండి, పళ్లు కలవడానికి ఆ కదలిక కావాలి. తర్వాత బండి ఆపి పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపండి. వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ముందు రెండు చక్రాలూ లేపి ఛాసిస్ కింద స్టాండ్లు వేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరవద్దు. ముందు ఎత్తిన బండిని ఫోర్‌వీల్‌లో డ్రైవ్ గేర్ వేసి చూడవద్దు. వెనక చక్రాలు నేల మీదే ఉన్నాయి, బండి స్టాండ్ల మీంచి దూకేస్తుంది.

ఇప్పుడు ఎడమ చక్రాన్ని ముందుకి తిప్పండి. అంతా కలిసి ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలదు, కుడి చక్రం వెనక్కి తిరుగుతుంది. డిఫరెన్షియల్ చేసే పనే అది. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగితే ట్రాన్స్‌ఫర్ కేస్ కలవలేదు. ఎడమ చక్రం తిరుగుతున్నా దాని వెనక సీవీ షాఫ్ట్ కదలకపోతే ఎడమ హబ్ కలవలేదు. రెండు సీవీ షాఫ్టులూ తిరుగుతున్నాయి కానీ కుడి చక్రం నిలబడి ఉందంటే తప్పు కుడి హబ్‌ది. రామ్ లాంటి బండిలో కుడి, ఎడమ కాకుండా ట్యూబు లోపలి కాలర్ అని చదువుకోవాలి, లెక్క అదే. షిఫ్ట్ నాబ్ ఆటో ఫోర్‌వీల్‌లో ఉంటే ఈ పరీక్ష చెల్లదు, అక్కడ క్లచ్ జారుతుంది. ఫోర్ హైయే వేయాలి.

ఎఫ్-150 యజమానులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇంజిన్ ఆపగానే సోలెనాయిడ్‌కి కరెంటు పోతుంది, హబ్బులు వాటంతటవే లాక్ అవుతాయి. అందువల్ల ఇంజిన్ ఆపి టూ హైలో చక్రం తిప్పితే సీవీ షాఫ్ట్ కూడా తిరగడం సహజం. అది చూసి హబ్ ఇరుక్కుపోయిందని చాలామంది కొత్తవి కొనేస్తారు. టూ హైలో విడిపోతుందో లేదో చూడాలంటే పార్క్‌లోనే ఇంజిన్ నడుస్తూ ఉండాలి. బండి కిందికి వెళ్లకుండా పక్కన నిలబడి చక్రం తిప్పి సీవీ షాఫ్ట్‌ని గమనించండి. ఆగి ఉంటే వాక్యూమ్ వస్తోంది, యాక్చుయేటర్ లాగుతోంది. ఒక పక్క ఆగి రెండో పక్క తిరిగితే ఆ పక్క యాక్చుయేటరో దాని పైపో చూసుకోవాలి. రెండు పక్కలా తిరిగితే మూలం ఇంకా పైన ఉంది.

గేజి పట్టుకుని వాక్యూమ్ వెంట నడవడం

చేతి వాక్యూమ్ పంపు, ఒక గేజి, రెండు టీ కనెక్టర్లు ఉంటే చాలు. గేజి మీద పాదరసం అంగుళాల్లో రీడింగ్ వస్తుంది. సముద్రమట్టానికి దగ్గర ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో 18 నుంచి 20 అంగుళాలు చూపిస్తుంది, అంటే సుమారు 61 నుంచి 68 కిలోపాస్కల్స్. ప్రతి 1,000 అడుగుల ఎత్తుకి దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. 5,280 అడుగుల ఎత్తులో ఉన్న డెన్వర్‌లో అదే ఇంజిన్ నాలుగైదు అంగుళాలు తక్కువ చూపిస్తుంది. కింద చప్పుడు చేయని చిన్న లీకు కొండల మీద చప్పుడు చేయడానికి కారణం ఇదే.

ఎఫ్-150లో వాక్యూమ్ ఇంజిన్ నుంచి చెక్ వాల్వ్ (గాలిని ఒక వైపే పోనిచ్చేది) దాటి, ఒక చిన్న నిల్వ డబ్బాలో చేరి, ఫైర్‌వాల్ మీద ప్రయాణికుడి వైపు బ్యాటరీ దగ్గర ఉన్న సోలెనాయిడ్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి చీలి రెండు నకిల్స్‌కి. ఎకోబూస్ట్ ఇంజిన్‌కి టర్బో ఉంది కాబట్టి బూస్ట్ వచ్చినప్పుడు మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు. అందుకే దానికి విడిగా మెకానికల్ వాక్యూమ్ పంపు ఇచ్చారు. డీజిల్ ఇంజిన్లకీ ఇంతే. మన ఊళ్లలో తిరిగే డీజిల్ ఫోర్‌బైఫోర్లలో హబ్బులు వాక్యూమ్‌వే అయితే, బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చే పంపునే ముందు అనుమానించాలి. ఫోర్‌వీల్ సమస్యతో పాటు బ్రేక్ పెడల్ కూడా గట్టిపడిందంటే హబ్ విప్పే ముందు పంపు చూడండి.

మొదటి టీ చెక్ వాల్వ్‌కీ సోలెనాయిడ్‌కీ మధ్య పెట్టండి. ఐడిల్‌లో రీడింగ్ రాసుకుని ఇంజిన్ ఆపండి. ముల్లు అలాగే నిలబడాలి. నిమిషం తిరక్కుండానే సున్నాకి జారితే చెక్ వాల్వ్, డబ్బా, ఆ మధ్య పైపుల్లో ఏదో కారుతోంది. చెక్ వాల్వ్‌ని విప్పి నోటితో ఊది చూడండి, గాలి ఒక వైపే పోవాలి. రెండు వైపులా పోతే దాన్ని మార్చేయండి. ఈ మొత్తం వ్యవస్థలో చవకైన పార్టు అది. నిజానికి ఎత్తుల మీద మాత్రమే గరగర వచ్చే ఎఫ్-150కి ఏ పరీక్షా చేయకుండానే చెక్ వాల్వ్ మార్చినా తప్పులేదు.

రెండో టీ సోలెనాయిడ్ తర్వాత. ఇంజిన్ ఆన్, టూ హై: పూర్తి వాక్యూమ్ రావాలి. ఫోర్ హై: సున్నాకి పడాలి. టూ హైలో రాకపోతే సోలెనాయిడ్ కనెక్టర్ ఊడదీసి, దాని రెండు పిన్నుల మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టండి. టూ హైలో వెలిగి ఫోర్ హైలో ఆరితే వైరింగు, మాడ్యూల్ బాగున్నాయి, పోయింది సోలెనాయిడే. ఫోర్ హైలో వాక్యూమ్ దిగకుండా నిలిచిపోతే గాలి లోపలికి రావాల్సిన దారి మూసుకుపోయింది. ఎఫ్-150లో ఫోర్‌వీల్ అసలు రాకపోవడానికి వాక్యూమ్ వైపు నుంచి ఉన్న కారణం ఇదొక్కటే అనవచ్చు.

పాత ఎఫ్-150 సోలెనాయిడ్‌లో గాలి పీల్చే రంధ్రం తెరిచి ఉండి, వానకీ వాషింగ్‌కీ నీళ్లు లాగేది. ఆ నీళ్లు పైపుల్లోకి, యాక్చుయేటర్ దాకా వెళ్తాయి. చలికాలంలో అక్కడే గడ్డకడతాయి. తెల్లవారి చప్పుడు చేసి ఇంజిన్ వేడెక్కాక సర్దుకునే బండిలో ముందు వెతకాల్సింది ఈ నీళ్లనే. తర్వాత ఫోర్డ్ మూతతో ఉన్న మెరుగైన సోలెనాయిడ్ తెచ్చింది. పైపు విప్పగానే నీటి బొట్లు కనిపిస్తే సోలెనాయిడ్ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. పైపులన్నీ ఊది ఆరబెట్టాలి, రెండు యాక్చుయేటర్లనీ పరీక్షించాలి.

చివరిగా నకిల్ దగ్గర. పైపు ఊడదీసి వాక్యూమ్ వచ్చే ముక్కుకి చేతి పంపు తగిలించి 15 నుంచి 20 అంగుళాలు లాగండి. నిమిషం పాటు ముల్లు కదలకూడదు, చక్రం సీవీ షాఫ్ట్ లేకుండా స్వేచ్ఛగా తిరగాలి. వదిలేయగానే చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తే టక్కుమని రింగు కూర్చోవాలి. ముల్లు జారితే డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) చిరిగింది. ముల్లు నిలిచినా రింగు కదలకపోతే తుప్పో, గ్రీజు గట్టిపడడమో. రబ్బరు పైపు నకిల్ దగ్గర వంపు తిరిగే చోటుని వేళ్లతో వంచి చూడండి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా నలిగేది అక్కడే. చక్రం తిన్నగా ఉంటే మూసుకుని, తిప్పితే తెరుచుకునే పగుళ్లు కూడా అక్కడే దొరుకుతాయి.

ఎఫ్-150 యాక్చుయేటర్ మార్చేటప్పుడు చెడేది ఎక్కడ

చక్రం, డస్ట్ క్యాప్, సీవీ నట్ తీయాలి. బ్రేక్ క్యాలిపర్‌ని విప్పి వైరుతో పైన కట్టాలి, హోసు మీద వేలాడనివ్వకూడదు. టై రాడ్, పై బాల్ జాయింట్ విడదీసి నకిల్‌ని బయటికి వంచితే షాఫ్ట్ బయటికి వస్తుంది, యాక్చుయేటర్ నకిల్ వెనక నుంచి విప్పుకోవచ్చు. ఇదంతా ఏ షెడ్డులోనైనా చేసే పనే. తప్పు జరిగేది మూడు చోట్ల.

మొదటిది, పాత పళ్లు. గరగరతో చాలాకాలం నడిపిన బండిలో యాక్చుయేటర్ రింగే కాదు, హబ్ లోపలి పళ్లూ సీవీ షాఫ్ట్ పళ్లూ కొసలు గుండ్రంగా అరిగి ఉంటాయి. టార్చి వేసి చూడండి, గోటితో తడమండి. అరిగిన హబ్‌కి కొత్త రింగు పెడితే ఫోర్‌వీల్‌లో బరువు పడగానే జారుతుంది, కొత్త రింగు కూడా పోతుంది. లీకు పట్టుకోకుండా పెట్టినా అంతే, మళ్లీ అరకొర వాక్యూమ్ దాన్ని తినేస్తుంది. యాక్చుయేటర్ చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు వల్ల పోయిన పార్టు.

రెండోది, రింగు పళ్ల మీద పళ్లు ఎక్కి కూర్చున్న స్థితిలో నట్ బిగించడం. షాఫ్ట్ ఎక్కించి నట్ బిగించేంత సేపూ చేతి పంపుతో యాక్చుయేటర్‌కి వాక్యూమ్ పట్టి ఉంచాలి, రింగు వెనక్కి ఉంటుంది. మూడోది ఆ నట్ బిగింపు. పెద్ద యాక్సిల్ నట్లు బిగించే అలవాటుతో ఇంపాక్ట్ గన్ పెట్టేస్తారు. 2004 తరం ఎఫ్-150లో దాని టార్క్ 27 న్యూటన్ మీటర్లే. చిన్న టార్క్ రెంచితో బిగించాలి, మీ మోడల్ సంవత్సరానికి మాన్యువల్లో ఎంతుందో చూసుకోవాలి. ఎక్కువ బిగిస్తే కొత్త భాగాలు లోపలే నలిగిపోతాయి.

మిగతా బండ్లలో

సూపర్‌డ్యూటీ హబ్ మీద చేత్తో తిప్పే డయలు ఉంటుంది, ఆటో నుంచి లాక్‌కి. రెండు పక్కలా లాక్‌కి తిప్పి నాబ్ ఫోర్ హైలో పెట్టినప్పుడు బండి లాగితే ట్రాన్స్‌ఫర్ కేస్, హబ్ గేర్లు బాగున్నాయి, లోపం వాక్యూమ్‌దే. అక్కడ వాక్యూమ్ నకిల్ ఖాళీలోంచి హబ్‌కి చేరుతుంది. కాబట్టి పైపులు బాగున్నా యాక్సిల్ షాఫ్ట్ చుట్టూ ఉన్న పెద్ద సీలు, హబ్ ఓ-రింగులు కారితే చాలు. డయలే తిరగకపోతే అది తుప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో, మిన్నెసోటా లాంటి అమెరికా రాష్ట్రాల బండ్లలో ఇది మామూలే.

రామ్‌లో రెండు చోట్లు చూడాలి. బ్యాటరీ కింద వెళ్లే పైపులు వేడికీ యాసిడ్‌కీ పెళుసెక్కుతాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ మీది వాక్యూమ్ స్విచ్చు లోపల సీలు పోతే ఆయిల్ పైపుల్లోకి ఎక్కుతుంది. పైపు ఊడదీయగానే ఎర్రటి ఆయిల్ కనిపిస్తే స్విచ్చు మార్చాలి, పైపులు కడగాలి, మోటారు డయాఫ్రం మెత్తబడిందేమో చూడాలి. షెవర్లే ఎస్-10, ఆ తరం బ్లేజర్లలో ఇదే లోపం ఇంకా దూరం పోతుంది. ఆయిల్ వాక్యూమ్ పైపుల వెంట ఏసీ, హీటర్ కంట్రోల్ దాకా వెళ్లి గాలి ఎటు పోవాలో మార్చే ఫ్లాపులు పనిచేయడం మానేస్తాయి. ఫోర్‌వీల్, ఏసీ ఒకేసారి మొరాయిస్తే రెండు రిపేర్లుగా చూడవద్దు.

దారిలో ఉండగా ఎఫ్-150 గరగరలాడడం మొదలెడితే షెడ్డు దాకా పళ్లు తినిపించుకుంటూ వెళ్లక్కర్లేదు. నాబ్ టూ హైలోనే ఉంచి సోలెనాయిడ్ కనెక్టర్ ఊడదీయండి. హబ్బులు రెండూ పూర్తిగా లాక్ అవుతాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగానే ఉంటుంది కాబట్టి తారు రోడ్డు మీద బిగుసుకోదు, మలుపుల్లో ఇబ్బంది ఉండదు. షాఫ్టులు ఊరికే తిరుగుతాయి, ఇంధనం కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే. చాలామంది ఇదే శాశ్వతంగా వదిలేస్తారు. మంచు ప్రాంతంలో ఏటా నెలల తరబడి ఫోర్‌వీల్ వాడేవాళ్లకి అది ఒప్పుకోదగిన నిర్ణయమే. హైవేల మీద ఎక్కువ తిరిగే బండికి మాత్రం లీకు పట్టుకుని సరిచేయడమే మంచిది.

ఏ రిపేరు తర్వాతైనా నాలుగు టైర్లు ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉన్నాయో చూడండి. ముందు వెనక తేడా ఉంటే ఫోర్ హైలో పళ్ల మీద ఒత్తిడి పెరిగి, టూ హైకి తిప్పినా విడిపోవు. అలా ఇరుక్కున్నప్పుడు ఓ మూడు మీటర్లు తిన్నగా రివర్స్ చేస్తే సాధారణంగా వదులుతుంది. వాడకుండా వదిలేసిన యాక్చుయేటర్లు కూడా బిగుసుకుపోతాయి. టకోమా, 4రన్నర్ మాన్యువళ్లలో టొయోటా నెలకి కనీసం 16 కిలోమీటర్లు ఫోర్‌వీల్‌లో నడపమంటుంది. ఏ కంపెనీ బండికైనా ఆ లెక్క పెట్టుకోవచ్చు. మట్టి రోడ్డు మీదో వాన పడ్డ కంకర మీదో మాత్రమే నడపాలి.